అన్నీ ఉన్న పిల్లలకి ఏం తక్కువ? నా జవాబు ఇది

డబ్బున్న ఇంట్లో పుట్టి, స్కూల్లో అందరికీ కావలసినవాళ్ళుగా పెరిగిన పిల్లలకి లోపల వెలితిగా ఉంటుందంటారు, అది నిజమా, లేక కడుపు నిండినవాళ్ళ కబుర్లా అని అడిగారు. నిజమే. ఆ వెలితి ఏమిటో కూడా చెప్తాను: తప్పు చేస్తే తిట్టే మనిషి ఇంట్లో లేకపోవడం.

మాది చెన్నై టి.నగర్, పానగల్ పార్కు దగ్గర. తాతగారు గూడూరులో అభ్రకం వ్యాపారం చేసి మద్రాసు వచ్చారు. నాన్న ఫ్లాట్లు కట్టే పనిలోకి దిగారు. 1990ల మొదట్లో మా క్లాసులో ఒక్క కారున్నవాళ్ళే తక్కువ, మాకు రెండు. మధ్యాహ్నం డ్రైవరు తెచ్చే క్యారియరు నలుగురికి సరిపోయేది. నా చుట్టూ ఎప్పుడూ గుంపు. ఎవరి పుట్టినరోజైనా మొదటి పిలుపు నాకే. లెక్కల టీచరు కూడా నన్ను పల్లెత్తు మాట అనేవారు కాదు, స్కూలు కొత్త బ్లాకుకి నాన్న సాయం చేశారు మరి. అమ్మకి చుట్టాలు, పెళ్ళిళ్ళు, నెల్లూరు రాకపోకలతోనే సరిపోయేది.

తొమ్మిదో క్లాసు క్వార్టర్లీలో నాకు లెక్కల్లో 31 వచ్చింది. మా ఇంట్లో రిపోర్టు కార్డుకి సంతకం ఎలా పడేదంటే, డ్రైవరు దాన్ని నాన్న ఆఫీసులో మేనేజరు గారికి ఇచ్చేవాడు. ఆయన చెక్కులతోపాటు ఫైల్లో పెట్టేవారు. ఎక్కడ సంతకం చేయాలో పెన్సిలుతో ఇంటూ గుర్తు పెట్టి మరీ. ఆ సాయంత్రం నేను పుస్తకం ముట్టుకోకుండా హాల్లోనే కూర్చున్నాను. నాన్న వచ్చారు. "తిన్నావా అమ్మా?" అన్నారు. ఫోన్ మోగితే లోపలికి వెళ్ళిపోయారు. మర్నాడు కార్డు నా బ్యాగులో ఉంది. 31 కింద ఎర్రగీత, దానికి బెత్తెడు కింద ఆయన సంతకం, పక్కన చెరపని పెన్సిలు గుర్తు.

ఆ వారమే క్లాసులో ఒకమ్మాయి వాళ్ళింటికి వెళ్ళాను. వెస్ట్ మాంబళం. రంగనాథన్ వీధి చివర మాంబళం స్టేషన్ వంతెన ఎక్కి అవతల దిగాలి. తెనాలి వైపు వాళ్ళు, వాళ్ళ నాన్న వడపళనిలో ఒక స్టూడియోలో ఎడిటింగ్ అసిస్టెంటు. ఆ పిల్లకి 82 వచ్చాయి. వాళ్ళమ్మగారు మా ఇద్దరికీ పప్పన్నం వడ్డిస్తూనే దాన్ని ఆగకుండా తిడుతున్నారు. "ఆ స్టెప్పు ఎందుకు మింగేశావే? ఇంట్లో నాలుగుసార్లు చేసిన లెక్కేగా అది!" ఏ లెక్కలో మార్కులు పోయాయో ఆవిడకి తెలుసు! ఉండబట్టలేక, "నాకు 31 ఆంటీ" అన్నాను. గరిటె ఆగింది.

"ముప్పై ఒకటా? సిగ్గులేదుటే నీకు? ఇంత చురుకైన పిల్లవి! తినేసి నువ్వూ పుస్తకం తీయి."

నాకు ఏడుపొచ్చేసింది. ఆవిడ గాభరాపడి ఇంకో చెంచా నెయ్యి వేశారు. అది సంతోషమని ఎలా చెప్పను? ఆ ఏడాదంతా శనివారాలు ఆ వంతెన దాటుతూనే ఉన్నాను.

తర్వాత సినిమా పనులు హైదరాబాదుకి తరలిపోతుంటే వాళ్ళూ వెళ్ళిపోయారు. టి.నగర్, కోడంబాక్కం, సాలిగ్రామం నుంచి అలా ఎన్ని తెలుగు కుటుంబాలు కదిలాయో! పరిశ్రమ తరలింపు గురించి ఎవరిని కదిపినా స్టూడియోలు, హీరోల పేర్లు చెప్తారు. చదువు మధ్యలో స్నేహాలు తెగిపోయిన పిల్లల ఊసే ఎత్తరు.

ఇది నా ఒక్కదాని గోడు అనుకోకండి. మన దేశంలో పుట్టి అమెరికాలో పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్త సునియా లూథర్ అక్కడి సంపన్నుల పిల్లల్ని ఏళ్ళ తరబడి గమనించారు. వాళ్ళలో దిగులు, ఆందోళన, మత్తు అలవాట్లు ఎక్కువగా కనిపించాయి. 2003లో ఆవిడ చూపించిన కారణాలు రెండు: గెలిచి తీరాలన్న ఒత్తిడి, తల్లిదండ్రులతో దూరం. నన్నడిగితే రెండోదే అసలుది. పక్కన కూర్చునే మనిషుంటే పిల్లలు ఎంత ఒత్తిడైనా తట్టుకుంటారు. స్కూల్లో పేరంటారా, అమెరికాలోని వర్జీనియాలో మనస్తత్వ శాస్త్రవేత్త జోసెఫ్ అలెన్ బృందం 184 మందిని 13వ ఏట నుంచి 23 దాకా చూసింది. చిన్నప్పుడే గొప్పగా కనిపించాలని తొందరపడినవాళ్ళకి అప్పట్లో పేరొచ్చినా, పెద్దయ్యాక స్నేహాలు నిలబెట్టుకోవడం కష్టమైందని 2014లో రాశారు. మా గుంపులో ఈరోజు నాకు ఫోన్ చేసేవాళ్ళు ఒక్కరూ లేరు.

ఇప్పుడు చెన్నైలో ఐటీ ఆఫీసులుండే ఓఎంఆర్ రోడ్డు అపార్టుమెంట్లలో తల్లిదండ్రులు "మేం పిల్లల్ని ఒక్క మాట అనం, ఫ్రెండ్స్‌లా ఉంటాం" అని గర్వంగా చెప్తుంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఫ్రెండ్స్ వాళ్ళకి బయట బోలెడుమంది. మార్కులు యాప్‌లో వస్తాయి, నాన్న మీటింగులోంచే బొటనవేలి బొమ్మ పెట్టేస్తాడు. మా అబ్బాయి ఆన్సర్ పేపర్లు నేను ఒక్కొక్కటీ తిప్పి చూస్తాను. మొన్న సైన్సులో గుండె బొమ్మ వేసి భాగాల పేర్లు రాయకుండా వదిలేస్తే గట్టిగానే తిట్టాను. సాయంత్రమంతా అలిగాడు. అలగనీ.