కామా తరవాత విచ్

అమలాపురం

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ ఇంగ్లీషు వ్యాసం అందింది. కోరింగ మడ అడవుల పేరా బాగుంది. ముందు రెండో పేరాలో నాకు అడ్డం తగిలిన వాక్యం సంగతి చూద్దాం.

‘ది గోదావరి హాజ్ మెనీ బ్రాంచెస్, వన్ ఆఫ్ దెమ్ ఈజ్ ది వైనతేయ.’ ఇవి రెండు పూర్తి వాక్యాలు. ఇంగ్లీషులో వాటిని ఉత్త కామాతో అతికించకూడదు. మనం తెలుగులో ‘వాటిలో ఒకటి వైనతేయ’ అని కామా పెట్టి రాసేస్తాం గనక చేతికి ఇదే వస్తుంది. ‘దెమ్’ తీసేసి ‘విచ్’ పెట్టు: ‘వన్ ఆఫ్ విచ్ ఈజ్ ది వైనతేయ’. మనుషులైతే ‘వన్ ఆఫ్ హూమ్’. ‘వన్’ అయితే ‘ఈజ్’, ‘టూ’, ‘సమ్’ అయితే ‘ఆర్’. ఈ కామా తరవాత ‘దట్’ పనికిరాదు.

ఉదాహరణ ఏ మాటదో ఆ మాట కామాని ఆనుకుని ఉండాలి. ‘ది కెనాల్స్ ఆఫ్ ది త్రీ డెల్టాస్, వన్ ఆఫ్ విచ్ నీడ్స్ రిపేర్’ అన్నావు. ధవళేశ్వరం దిగువన తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలున్నాయి, కాలువలూ ఉన్నాయి. రిపేరు దేనికి? రెండూ బహువచనాలే, చదివేవాళ్ళు ఎలా తేల్చుకుంటారు? ‘ది త్రీ డెల్టాస్ డిపెండ్ ఆన్ దెయిర్ కెనాల్స్, వన్ ఆఫ్ విచ్ నీడ్స్ రిపేర్’ అని తిప్పు.

ఇంకొకటి. పాయల దగ్గర ‘విచ్ ఆర్ ది గౌతమి అండ్ ది వసిష్ఠ’ అంటే లెక్క అక్కడితో సరి, వైనతేయ లేదన్నట్టే. ‘టూ ఆఫ్ విచ్ ఆర్’ అనాలి. మూడు డెల్టాలూ పేర్లతో చెప్పేటప్పుడు మాత్రం ‘విచ్ ఆర్’ సరైనదే.

ఇప్పటి ఎడిటర్లకి పొట్టి వాక్యాల పిచ్చి. ‘విచ్’ కనిపిస్తే చాలు, ఫుల్‌స్టాప్ పెట్టి నరికేస్తారు. అలా నరికితే ‘వన్ ఈజ్ ది వైనతేయ’ సొంత వాక్యమై కూర్చుంటుంది, చదివేవాళ్ళు ఇక వైనతేయ కథే వస్తుందనుకుంటారు. నువ్వు చెబుతున్నది డెల్టా గురించి. ఉదాహరణని దాని అదుపులో ఉంచేది ఆ ‘విచ్’ ఒక్కటే. ఎవరడిగినా ఒప్పుకోకు.

ఊరికే పేరు చెప్పి దాటెయ్యాలంటే ‘సచ్ యాజ్’ చాలు. నువ్వు ‘స్వీట్స్ సచ్ యాజ్ పూతరేకులు ఎట్సెట్రా’ అన్నావు. ‘సచ్ యాజ్’ అంటేనే ఇంకా ఉన్నాయని, ఎట్సెట్రా కొట్టెయ్. ఆ పేరు గురించి ఓ ముక్క చెప్పాలనుకుంటే మటుకు ‘స్వీట్స్, ది బెస్ట్ నోన్ ఆఫ్ విచ్, ది పూతరేకులు ఆఫ్ ఆత్రేయపురం, గాట్ ఎ జీఐ ట్యాగ్ ఇన్ 2023’ అని రాయి. లోపలి రెండు కామాల్లో ఏది వదిలేసినా వాక్యం విరిగిపోతుంది.