తక్‌పట్టీ లేని బస్తా

హనుమకొండ

చిరంజీవి బిడ్డకు,

కాలేజీకి ఇవ్వబోయే ఇంగ్లీషు ప్రాజెక్టు, దాన్నే తెలుగులో రాసిన వ్యాసం, రెండూ అందాయి. ఎనుమాముల మార్కెట్లో పత్తి అమ్మకాల మీద ఎంబీఏ పిల్ల రాసింది, పైగా మీ బాపు అడ్తిలో, అంటే కమిషన్ దుకాణంలో, గుమాస్తా, కొత్త సంగతి ఏదో ఉంటుందని రాత్రి అన్నం తిన్నాక పట్టుకున్నాను. ఉంది కూడా. కానీ వ్యాసం నాలుగో పేజీలో నాకు పంటి కింద రాయి తగిలింది. అప్పటిదాకా బస్తాలు, హమాలీలు, కాంటా అంటూ నడిచిన నీ వాక్యం ఉన్నట్టుండి 'విపణన మార్గాల సమర్థతను ప్రభావితం చేసే సంస్థాగత కారకాలు' అని మొదలుపెట్టింది. మూడు పేరాల తర్వాత మళ్లీ నువ్వు వచ్చావు. ఆ మూడు పేరాలు ఎవరివమ్మా?

తిట్టడానికి అడగడం లేదు. నోట్సు రాసుకునేటప్పుడు ఎక్కడి నుంచి తీశావో రాసుకొని ఉండవు. నాకూ అదే జరిగింది. రాయడం మొదలుపెట్టిన కొత్తలో, 1904 నుంచి ఉన్న మన రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయంలో కూర్చుని ఆజంజాహి మిల్లు మీద నోట్సు రాసుకున్నాను. పుస్తకంలోని మాటలు, నా మాటలు అన్నీ ఒకే సిరా, ఒకే చేతిరాత. ఆర్నెల్ల తర్వాత తీసి చూస్తే అన్నీ నావే అనిపించాయి. ఒక పేరా అయితే, నేనింత బాగా రాశానా అని మురిసిపోయాను కూడా. వ్యాసం అచ్చయిన వారానికి ఒక పోస్టుకార్డు వచ్చింది. దాని మీద పుస్తకం పేరు, పేజీ నంబరు. ఇంకేమీ లేదు, సంతకం కూడా. ఆ కార్డు ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

అప్పటి నుంచి నా నోట్‌బుక్‌లో ఎడమ పేజీ వాళ్లది, కుడి పేజీ నాది. ఎడమ వైపు ఒక్క అక్షరం రాసే ముందే రచయిత, పుస్తకం, ముద్రణ సంవత్సరం, పేజీ రాస్తాను. ఉన్నదున్నట్టు దించితే కొటేషన్ గుర్తులు అప్పుడే పెడతాను. కుడి వైపుకు వచ్చేటప్పుడు పుస్తకం మూసేస్తాను. మూసేశాక చేతికి ఏమీ రాకపోతే నాకు అర్థం కాలేదన్నమాట, మళ్లీ చదువుతాను. మీ బాపు తక్‌పట్టీ, అదే సరుకు అమ్మకం చీటీ, ఎలా రాస్తారో చూసే ఉంటావు. ఏ రైతు, ఏ ఊరు, ఎన్ని బస్తాలు, ఎంత తూగింది, ఏ ధర, ఎవరు కొన్నారు. సరుకు దిగిన రోజే రాస్తారు గానీ, నెల తర్వాత గుర్తు చేసుకుని రాయరు కదా.

లైబ్రరీ సంగతికొస్తాను. నువ్వు మేనేజ్‌మెంట్ అల్మారా దగ్గరే ఆగిపోయావని రిఫరెన్సులు చూస్తేనే తెలుస్తోంది. విషయాన్ని బట్టి పుస్తకాలకు నంబర్లు వేసే డ్యూయీ పద్ధతిలో సర్దిన లైబ్రరీలో మార్కెటింగ్ 658.8 దగ్గర ఉంటుంది, నిజమే. కానీ వ్యవసాయ ఆర్థికం 338.1 దగ్గర, పత్తి పంట 633.51 దగ్గర ఉంటాయి. నీ విషయం మూడు అల్మారాల్లో పరుచుకుని ఉంది. ఇంట్లో కూర్చుని శోధగంగ వెబ్‌సైట్‌లో థీసిస్‌లు చదువుకోవచ్చు, మంచిదే. అయితే థీసిస్‌లో ఒకరు ఇంకొకరిని ఉటంకిస్తే, ఆ అసలు పుస్తకం నువ్వు చూడకుండానే చూసినట్టు రాయకు. ఏఐ ఇచ్చే రిఫరెన్సులైతే మరీ జాగ్రత్త. కొన్నిసార్లు అలాంటి పుస్తకమే ఉండదు.

ధరల దగ్గర ఇంకో పొరపాటు చేశావు. పేపర్లో వచ్చిన జెండా పాట ధరను ఆ రోజు పత్తి ధర అని రాశావు. అది మంచి సరుకుకు వేలంలో పలికిన పై ధర. అదే ధర అందరికీ వస్తే మీ అడ్తి ముందు రైతులు అంతసేపు ఎందుకు వాదిస్తారు? మార్కెట్ ధరలు పెట్టే ప్రభుత్వ వెబ్‌సైట్ అగ్‌మార్క్‌నెట్‌లో రోజువారీగా కనిష్ఠ, గరిష్ఠ ధరలతో పాటు మోడల్ ధర కూడా ఇస్తారు, అంటే ఎక్కువ సరుకు అమ్ముడుపోయిన ధర. అది తీసుకో. మార్కెట్ పేరు, తేదీ, పత్తి రకం, నువ్వు చూసిన రోజు రాయి. పత్తి కొనే ప్రభుత్వ సంస్థ సీసీఐ 1970లో మొదలైందన్న దానికి రిఫరెన్సు అక్కర్లేదు, అందరికీ తెలిసిందే. ఫలానా ఏడాది ఎన్ని బేళ్లు కొన్నదంటే మాత్రం వార్షిక నివేదిక, పేజీ నంబరు కావాలి.

కాపీని పట్టే సాఫ్ట్‌వేర్‌లో పోలిక పర్సెంటేజీ ఎంత వస్తుందోనని టెన్షన్ పడుతున్నానని రాశావు. యూజీసీ 2018 నిబంధనల్లో పోలిక 10 శాతం దాకా ఉంటే శిక్ష లేదు. 10 దాటి 40 దాకా అయితే తిరగరాసి ఇవ్వాలి. 40 దాటి 60 దాకా అయితే సవరించింది కూడా ఏడాది వరకు తీసుకోరు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. ఆ 10 శాతం కాపీ కొట్టడానికి ఇచ్చిన కోటా అని మీ క్లాసులో అనుకుంటున్నారట, అదేం లెక్కో! పేరు చెప్పి కొటేషన్‌లో పెట్టింది అసలు లెక్కలోకే రాదు. మాటకు మాట మార్చి సాఫ్ట్‌వేర్‌ను దాటిస్తే ఆలోచన నీదైపోదు.

నీ నాలుగో పేజీని ఆ సాఫ్ట్‌వేర్ పట్టుకోలేకపోవచ్చు కూడా. ఇంగ్లీషు థీసిస్ నుంచి తెలుగులోకి దించావు కాబట్టి పోలిక సున్నా అని వచ్చినా నేను ఆశ్చర్యపోను. తెలుగులో బిజినెస్ రాసేవాళ్లకు ఇది పాత అలవాటు. ఇంగ్లీషు నుంచి తెచ్చుకుంటే మన కష్టమే అనుకుంటాం. అనువాదం చేసిన కష్టం నీదే, ఆలోచన వాళ్లది. 'ఫలానా పరిశోధకుడు ఇలా అన్నాడు' అని మొదలుపెట్టి, మూడు పేరాలను మూడు వాక్యాలకు దించు. ఆ మూడు వాక్యాలు నీ భాషలో ఉండాలి, కారకాలు వద్దు.

ఏడో పేజీలో, పత్తిని పిడికిట్లో నలిపి తేమ ఎంతో మీ బాపు చెప్పేస్తారనీ, తర్వాత మిషన్ కూడా ఇంచుమించు అదే చూపిస్తుందనీ రాశావు. అక్కడ మాత్రం పేరు దాచి 'ఒక గుమాస్తా' అన్నావు. ఎందుకు? ఆయన ఒప్పుకుంటే పేరు పెట్టి, మాట్లాడిన తేదీ వెయ్యి. పన్నెండో పుటనోటు పక్కన ఆయనది పదమూడోది అవుతుంది.

ఆదివారం మార్కెట్ బంద్ కదా, ఇద్దరూ రండి. పాత తక్‌పట్టీ ఒకటి పట్టుకురా, అనుబంధంలో పెడదాం. రైతు పేరు మీద కాగితం అంటించి జిరాక్స్ తీయించు.

ఆశీస్సులతో,
మీ సార్