సెలవుల్లో ఫోను పోరు: మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా బాబుకు ఎనిమిదేళ్లు. మేమిద్దరం ఉద్యోగాలకు వెళ్తాం, ఇంట్లో మా అత్తగారు ఉంటారు. బడికి సెలవులిచ్చినప్పటి నుంచి నిద్ర లేచింది మొదలు వాడి చేతిలో ఫోనే. తీసుకుంటే ఏడుపు, వస్తువులు విసరడం. ఒక్కసారిగా మాన్పించాలా, మెల్లగా తగ్గించాలా?
*(ఒక తల్లి, ఖమ్మం)*

జవాబు: పూర్తిగా మాన్పించనక్కర్లేదు. పిల్లల డాక్టర్ల సంఘమైన ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ సూచన ప్రకారం ఐదు నుంచి పదేళ్ల పిల్లలకు టీవీ, ఫోను అన్నీ కలిపి రోజుకు 2 గంటలు మించకూడదు. మీవాడు ఎంతసేపు చూస్తున్నాడో ముందు లెక్క తీయండి. ఆండ్రాయిడ్ ఫోన్ సెట్టింగ్స్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్ తెరిస్తే ఏ యాప్ ఎన్ని గంటలు నడిచిందో కనిపిస్తుంది. టీవీ చూసిన సమయం దానికి కలపండి.

రోజుకో అరగంట తగ్గిస్తూ పోవాలనుకుంటే రోజూ కొత్త బేరమే. మొదటి రోజు నుంచే వేళలు ఖాయం చేయండి. మధ్యాహ్నం 2 నుంచి 3 వరకు, రాత్రి 7 నుంచి 7.45 వరకు. ఎండకు బయటికి పంపలేని వేళలో ఒకటి పడుతుంది కాబట్టి అత్తగారికీ కాస్త ఊరట. పొద్దున మాత్రం అసలు వద్దు. 6 నుంచి 8.30 దాకా ఉండే చల్లదనం మళ్లీ సాయంత్రం దాకా దొరకదు. ఆ వేళలో సైకిలో, బంతో ఇచ్చి బయటికి పంపాలి. పైగా ఫోనుతో మొదలైన రోజు పిల్లాడికి మిగతా పనులన్నీ చప్పగా తోస్తాయి.

గొడవంతా ఆపే దగ్గరే వస్తుంది. కథ మధ్యలో కట్టేస్తే పెద్దవాళ్లకే చిరాకు. అందుకని నిమిషాల్లో కాకుండా, ముగింపు ఉన్న వాటితో కొలవండి: రెండు ఎపిసోడ్లు, మూడు ఆటలు, ఇలా. పొట్టి వీడియోలకు ముగింపే ఉండదు, వేలితో తోస్తే ఇంకోటి వస్తూనే ఉంటుంది. ‘ఇంకో ఐదు నిమిషాలే’ అన్న హెచ్చరిక వాటి దగ్గర పనిచేయదు. ఈ వయసులో వాటిని మొత్తంగా పక్కన పెట్టడమే మేలు. యూట్యూబ్‌లో వీడియో పైభాగాన ఉండే ఆటోప్లే మీట కూడా ఆపేయండి. వీలైతే ఫోను బదులు హాల్లో టీవీ పెట్టండి. ఏం చూస్తున్నాడో వంటింట్లోంచి కూడా వినిపిస్తుంది.

మొదటి మూడు నాలుగు రోజులు ఏడుపు తగ్గకపోగా పెరగొచ్చు. ఇన్నాళ్లూ పనిచేసిన ఉపాయం పనిచేయకపోతే పిల్లలు దాన్నే ఇంకా గట్టిగా వాడి చూస్తారు. చాలా ఇళ్లలో పద్ధతి చెడేది సరిగ్గా ఇక్కడే. మూడో రోజు గంటసేపు ఏడ్చాక ఫోను ఇచ్చారంటే, గంట ఏడిస్తే దొరుకుతుందని వాడు నేర్చుకున్నట్టే. మీ అత్తగారితో ముందే కూర్చుని మాట్లాడండి. మీరు వద్దన్నది ఆవిడ ఇచ్చినా, ఆవిడ వద్దన్నది మీరు ఇచ్చినా ఏ వేళలూ నిలవవు.

మిగిలిన మధ్యాహ్నానికి ఆవిడే పెద్ద ఆస్తి. నేల మీద సుద్దముక్కతో అయిదేసి గళ్లు అయిదు వరుసలు గీసి, ఒకవైపు అరగదీసిన నాలుగు చింతగింజలు ఇస్తే అష్టాచెమ్మా సిద్ధం. ఒక ఆటకు అరగంట ఇట్టే గడిచిపోతుంది. ‘బోర్ కొడుతోంది’ అన్న ప్రతిసారీ ఏదో ఒకటి చూపించక్కర్లేదు. కాసేపు వదిలేస్తే చాలామంది పిల్లలు తామే ఏదో ఒకటి వెతుక్కుంటారు.

ప్రశ్న: ఫ్యామిలీ లింక్ పెట్టుకున్నాం గానీ, మా పాప చూసేది నా ఫోన్లోనే. అది ఏమీ ఆపడం లేదు. ఎందుకు?
*(గుంటూరు)*

జవాబు: ఫ్యామిలీ లింక్ అంటే పిల్లల ఫోను వాడకానికి హద్దులు పెట్టే గూగుల్ యాప్. అది కట్టడి చేసేది పిల్లల పేరిట ఉన్న గూగుల్ ఖాతాను. మీ ఫోన్లో ఉన్నది మీ ఖాతా, దానికి ఆ హద్దులు వర్తించవు. ఇంట్లో పాత ఫోను ఉంటే అందులోని ఫోటోలు దాచుకుని, ఫ్యాక్టరీ రీసెట్ చేసి, పాప పేరిట ఖాతా తెరిచి అందులో పెట్టండి. సిమ్ అక్కర్లేదు, వైఫై చాలు. ఆ తర్వాత మీ ఫోన్లోని ఫ్యామిలీ లింక్ నుంచి రోజువారీ హద్దు, నిద్రవేళ, ఒక్కో యాప్‌కు ఎంతసేపు అన్నవి పెట్టొచ్చు. కొత్త యాప్ వేయాలన్నా మీ అనుమతి కావాలి.

పాత ఫోను లేకపోతే, తెరిచిన ఒక్క యాప్ దాటి బయటికి పోనివ్వని యాప్ పిన్నింగ్ వాడండి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో సెట్టింగ్స్‌లోని సెక్యూరిటీ కింద ఉంటుంది. ఆన్ చేసేటప్పుడు బయటికి రావాలంటే పిన్ అడిగే ఎంపికను కూడా ఆన్ చేయాలి, లేకపోతే పాప తనే బయటికి వచ్చేస్తుంది. ఐఫోన్‌లో ఇదే పనికి గైడెడ్ యాక్సెస్ ఉంది. మీ ఫోన్లో యూపీఐ, ఓటీపీలు ఉంటాయి కాబట్టి పిన్ చేయకుండా పిల్లల చేతికి ఇవ్వకండి. యూట్యూబ్ కిడ్స్‌లో మూలనున్న తాళం గుర్తు నొక్కితే టైమర్ వస్తుంది. అక్కడ తాళం తీయడానికి గుణకారం లెక్క అడుగుతుంది. ఎక్కాలు వచ్చిన పిల్లలు దాన్ని తేలిగ్గా దాటేస్తారు, కనుక మీ సొంత పాస్‌కోడ్ పెట్టుకోండి.

ప్రశ్న: మూడేళ్ల మనవడు ఫోను చూపిస్తే గానీ ముద్ద మింగడు.
*(ఒక అమ్మమ్మ, కర్నూలు)*

జవాబు: బొమ్మ చూస్తూ తినే బిడ్డకు ఆకలి ఎప్పుడు తీరిందో తెలియదు, నమలడం కూడా మరిచిపోతాడు. అన్నానికి రెండు గంటల ముందు నుంచి పాలు, బిస్కెట్లు ఆపండి. మీతోపాటే కింద కూర్చోబెట్టి, చిన్న గిన్నెలో నాలుగైదు ముద్దల పప్పన్నం పెట్టి, తన చేత్తో తిననివ్వండి. పారబోస్తాడు, పరవాలేదు. అరగంట దాటితే గిన్నె తీసేయండి. కోప్పడొద్దు, బతిమాలొద్దు. కొన్ని రోజులు తక్కువే తింటాడు, దానికి భయపడి ఫోను తీయకండి. బరువు తగ్గుతున్నా, ముద్ద గొంతు దిగడానికి ఇబ్బంది పడుతున్నా, పిలిస్తే పలకకపోయినా, రెండు మూడు మాటలు కలిపి మాట్లాడలేకపోయినా పిల్లల డాక్టరుకు చూపించండి.

ప్రశ్న: నీలి కాంతిని ఆపే కళ్లద్దాలు కొనమంటారా?
*(వరంగల్)*

జవాబు: అక్కర్లేదు. అమెరికాలోని కంటి డాక్టర్ల సంఘం, అమెరికన్ అకాడమీ ఆఫ్ ఆఫ్తాల్మాలజీ కూడా వాటిని సిఫారసు చేయడం లేదు. తెర చూస్తున్నప్పుడు రెప్పలు తక్కువగా వాల్చడం వల్లే కళ్లు ఎండుతాయి, మండుతాయి. ప్రతి 20 నిమిషాలకు ఒకసారి 20 అడుగుల దూరంలో ఉన్న దాన్ని 20 సెకన్లు చూడమనండి. పిల్లల్లో దగ్గరచూపు (దూరంగా ఉన్నవి మసకగా కనిపించడం) రాకుండా ఎక్కువ మేలు చేసేది ఆరుబయట పగటి వెలుతురు. పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట చెట్టు నీడలో ఆడుకున్నా సరిపోతుంది.

ప్రశ్న: తొమ్మిదో తరగతికి వెళ్లే అమ్మాయి రాత్రి ఒంటిగంట దాకా ఫోన్లో ఉంటోంది. బడి తెరిచాక ఎలా లేస్తుంది?
*(రాజమండ్రి)*

జవాబు: ఫోను పడకగదిలో ఉన్నంతకాలం ఏ హద్దూ పనిచేయదు. హాల్లో ఒక్క చోట ఛార్జర్ పెట్టి, రాత్రి 10కి ఇంట్లో అందరి ఫోన్లూ, మీవీ కలిపి, అక్కడే ఉంచండి. ‘అలారం ఎలా?’ అంటుంది, ముందే ఒక అలారం గడియారం కొనిపెట్టండి. రెండు రాష్ట్రాల్లోనూ బడులు సాధారణంగా జూన్ 12న తెరుస్తారు. ఒంటిగంట నుంచి పది గంటలకు నిద్ర జరగాలంటే రోజుకు 15 నిమిషాల చొప్పున 12 రోజులు పడుతుంది. అంటే మే నెలాఖరుకే మొదలుపెట్టాలి. ముందు జరపాల్సింది లేచే వేళ. పొద్దున త్వరగా లేపి పది నిమిషాలు డాబా మీద వెలుతురులో తిరగనిస్తే రాత్రి నిద్ర త్వరగా పడుతుంది.