సర్జరీకి ముందు తీసే మెదడు స్కాన్ అయిదేళ్ల తర్వాతి బరువును చెప్పగలదా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: మీ అక్కగారికి బేరియాట్రిక్ సర్జరీ (బరువు తగ్గించడానికి జీర్ణవ్యవస్థకు చేసే శస్త్రచికిత్స) చేయాలని నిర్ణయించారు, అంతకుముందు మెదడు పనితీరును చూపే ఒక ఫంక్షనల్ ఎంఆర్‌ఐ తీయించుకుంటే, తగ్గిన బరువు కొన్నేళ్ల తర్వాత మళ్లీ వస్తుందో రాదో ముందే తెలుస్తుందని ఎవరో చెప్పారు, దాన్ని నమ్మి నిర్ణయం తీసుకోవచ్చా అని అడుగుతున్నారు. నేను స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ, అంటే జీర్ణాశయంలో చాలా భాగాన్ని తీసేసే సర్జరీ, చేయించుకున్నదాన్ని. సర్జరీకి ముందు ఇలాంటి స్కాన్‌తో కూడిన ఒక పరిశోధనలో స్వచ్ఛందంగా పాల్గొన్నాను, అప్పటినుంచి ఈ విషయం మీద వచ్చే పత్రాలను శ్రద్ధగా చదువుతూ వస్తున్నాను. ఆకలి, తృప్తి, నిగ్రహం మెదడులో ఎలా నడుస్తాయో తెలుసుకోవడానికి ఈ స్కాన్లు ఎంతో ఉపయోగపడుతున్నాయి గాని, ఒక ఫలానా మనిషి బరువు అయిదేళ్ల తర్వాత ఎంత ఉంటుందో చెప్పే స్థితికి అవి ఇంకా రాలేదన్నది నా అభిప్రాయం.

ఆ స్కాన్ ఎలా జరుగుతుందో ముందు చెబుతాను. నన్ను పరగడుపున రమ్మన్నారు. తల కదలకుండా ఇరువైపులా మెత్తలు పెట్టి, ముఖం మీదుగా పంజరం లాంటి కాయిల్ బిగించారు. దానికి అమర్చిన చిన్న అద్దంలో బొమ్మలు ఒకదాని తర్వాత ఒకటి కనిపించాయి: తీపి పదార్థాలు, నూనెలో వేయించినవి, మధ్యమధ్య కుర్చీ, గొడుగు వంటి తిండితో సంబంధం లేని వస్తువులు. కొన్నింటికి "దీన్ని తినాలన్న కోరికను పెంచుకోండి" అని, మరికొన్నింటికి "ఆ కోరికను అణచుకోండి" అని సూచన వచ్చేది. కోరిక ఏ మాత్రం ఉందో చేతిలోని బటన్ నొక్కి చెప్పాలి. చెవులు హోరెత్తే ఆ చప్పుడులో, గుటక వేస్తే తల కదులుతుందేమోనన్న బెరుకుతో నేను గమనించుకున్న ఆకలి, రాత్రిపూట ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు కలిగే ఆకలి ఒకటేనని నేను అనుకోను.

మెషీన్ కొలిచేది కోరికను కాదు. మెదడులో ఒకచోట నాడీకణాలు చురుకుగా పనిచేసినప్పుడు అక్కడికి ఆక్సిజన్ నిండిన రక్తం ఎక్కువగా చేరుతుంది, ఆ మార్పునే అది కొన్ని మిల్లీమీటర్ల ఘనాలుగా విడగొట్టి నమోదు చేస్తుంది. ఆ మార్పు గరిష్ఠ స్థాయికి చేరడానికి అయిదారు సెకన్లు పడుతుంది, పైగా చాలా స్వల్పంగా ఉంటుంది, అందుకే ఒకే రకం బొమ్మలను పదేపదే చూపి సగటు తీస్తారు. పరిశోధకులు ముఖ్యంగా గమనించేది, ప్రతిఫలం కోసం తహతహను కలిగించే న్యూక్లియస్ అకంబెన్స్‌ను, నుదుటి వెనక ఉండి నిగ్రహానికి తోడ్పడే ప్రీఫ్రంటల్ కార్టెక్స్‌ను. ఈ రెండింటి స్పందనకూ సర్జరీ తర్వాత తగ్గిన బరువుకూ సంబంధం కనిపించిందని చెప్పే పరిశోధనలు నిజంగానే ఉన్నాయి. అయితే వాటిలో చాలావాటిలో పాల్గొన్నవారి సంఖ్య పదుల్లోనే ఉంది.

ఇంత తక్కువ మందితో ఏమవుతుందో చెప్పడానికి ప్రతిఫలం కోసం తహతహతో ముడిపడిన డోపమైన్ అనే మెదడు రసాయనం ఉదాహరణ చాలు. బరువు ఎక్కువగా ఉన్నవారి మెదడులో డోపమైన్ డీ2 గ్రాహకాలు (ఆ రసాయనాన్ని అందుకునే అణువులు) తక్కువగా దొరుకుతున్నాయని 2001లో జీన్-జాక్ వాంగ్ బృందం పెట్ స్కాన్ల (కొద్దిగా రేడియోధార్మిక రసాయనాన్ని ఎక్కించి తీసే స్కాన్ల) ఆధారంగా 'లాన్సెట్' పత్రికలో ప్రకటించింది. సర్జరీ తర్వాత ఆ గ్రాహకాలు ఏమవుతాయన్నదాని మీద 2010లో రెండు వేర్వేరు బృందాలు పత్రాలు ప్రచురించాయి. రెండింటిలోనూ అయిదుగురేసి మహిళలు, రెండింటిలోనూ సర్జరీ అయిన ఆరేడు వారాలకు తీసిన స్కాన్. ఒకదానిలో గ్రాహకాలు పెరిగాయి, మరొకదానిలో తగ్గాయి. వాడిన రేడియోధార్మిక రసాయనాలు వేరు కాబట్టి తేడాకు కొంత కారణం చెప్పుకోవచ్చు, కానీ వీటిలో ఏ ఒక్కదాన్నో చదివి తన మెదడు గురించి ఒక నిర్ధారణకు వచ్చిన రోగి పరిస్థితి ఏమిటో ఆలోచించండి.

దీనికి మించిన చిక్కు ఇంకొకటి ఉంది. ఒకే మనిషికి ఇదే పరీక్షను రెండుసార్లు చేస్తే రెండుసార్లూ దగ్గరదగ్గర ఫలితమే రావాలి, లేకపోతే దానితో భవిష్యత్తు చెప్పడం కుదరదు. ఇలా బొమ్మలు చూపిస్తూనో పనులు చేయిస్తూనో తీసే ఎంఆర్‌ఐల నిలకడను గురించి 2020లో వెలువడిన ఒక సమగ్ర విశ్లేషణలో, పూర్తి నిలకడకు ఒకటి అనుకుంటే, సుమారు 0.4 మాత్రమే వచ్చింది. వ్యక్తులను ఒకరి నుంచి ఒకరిని వేరుచేసి చెప్పడానికి ఇది చాలదు. మెదడు కొలతలకూ మనుషుల మధ్య తేడాలకూ ఉన్న సంబంధాన్ని నమ్మకంగా పట్టుకోవాలంటే వేలమంది కావాలని 2022లో 'నేచర్'లో వచ్చిన పరిశోధన తేల్చింది. నా విషయంలోనే ఆ రోజు నిద్ర, ఆకలి, సర్జరీ గురించిన ఆందోళన అన్నీ కలిసి ఆ బొమ్మల మీద నా స్పందనను మార్చి ఉంటాయి. నా స్కాన్ ఏం చెప్పిందని అడిగితే, అందరి సగటులో భాగంగా తప్ప విడిగా చెప్పడానికి వీలులేదని ఆ బృందం సూటిగా చెప్పింది. ఆ నిజాయితీకి నేను ఇప్పటికీ వారిని గౌరవిస్తాను.

ఇక "దీర్ఘకాలం" అన్న మాటను పట్టించుకోవాలి. చాలా పరిశోధనలు ఏడాది దగ్గర ఆగిపోతాయి, ఆ ఏడాది దాదాపు అందరికీ బాగానే గడుస్తుంది. స్వీడన్‌లో 1987లో మొదలైన ఎస్‌ఓఎస్ (స్వీడిష్ ఒబీస్ సబ్జెక్ట్స్) అధ్యయనంలో గ్యాస్ట్రిక్ బైపాస్ అనే మరో రకం బేరియాట్రిక్ సర్జరీ చేయించుకున్నవారు ఒకటి రెండేళ్లలో సగటున 32 శాతం బరువు తగ్గారు. పదేళ్లకు ఆ తగ్గుదల 25 శాతం దగ్గర నిలిచింది. అంటే అసలు పరీక్ష తర్వాతి సంవత్సరాల్లో ఉంది. నాకూ మొదటి ఏడాది ఆకలి అన్నదే గుర్తుకు రాలేదు, ఎందుకంటే ఆకలి పుట్టించే గ్రెలిన్‌ను ఎక్కువగా తయారుచేసే జీర్ణాశయ భాగాన్ని స్లీవ్‌లో తీసేస్తారు, తృప్తినిచ్చే జీఎల్‌పీ-1, పీవైవై వంటి హార్మోన్లు భోజనం తర్వాత పెరుగుతాయి. తర్వాత ఆకలి మెల్లగా తిరిగి వచ్చింది, అదీ ముఖ్యంగా అలసిన సాయంత్రాల్లో. సర్జరీకి ముందు ఫొటో తీసిన మెదడు, ఈ హార్మోన్లన్నీ మారాక ఉన్న మెదడు ఒకటి కావు. అసలు సర్జరీ పనిచేసే దారుల్లో ఒకటి ఆ మార్పే.

మెదడు స్కాన్ నిజంగా ఉపయోగపడుతుందా అని తేల్చడానికి నేను ఒక్కటే కొలబద్ద పెట్టుకున్నాను: మామూలుగా తెలిసిన వివరాలతో వచ్చే అంచనా కంటే అది ఎంత మెరుగ్గా చెబుతుంది? 2023లో 'లాన్సెట్ డిజిటల్ హెల్త్'లో మొత్తం పది వేలకు పైగా రోగుల వివరాలతో తయారుచేసి, పరీక్షించిన ఒక అంచనా పద్ధతి వచ్చింది. ఎత్తు, బరువు, ఏ సర్జరీ, వయసు, మధుమేహం ఉందా, ఉంటే ఎంతకాలంగా, పొగతాగే అలవాటు, ఈ ఏడింటితోనే అది అయిదేళ్ల వరకు బరువు ఎలా నడుస్తుందో అంచనా వేస్తుంది. అయిదేళ్ల దగ్గర బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువును చెప్పే సూచీ) అంచనాలో మధ్యస్థ తేడా 2.8. స్కాన్ అవసరం లేదు, ఇరుకు సొరంగంలో పడుకోవలసిన పని లేదు. ఆ సొరంగం వెడల్పు సాధారణంగా 60 నుంచి 70 సెంటీమీటర్లే కాబట్టి, సర్జరీ ఎక్కువగా అవసరమయ్యే అతి ఎక్కువ బరువున్నవారే ఈ పరిశోధనల్లో తక్కువగా కనిపిస్తారన్నది కూడా గుర్తుంచుకోదగిన విషయం.

నా భయమంతా ఒక్కదాని గురించే. "మీ మెదడులో నిగ్రహం తక్కువ" అని ఒక రంగుల బొమ్మ చూపి చెబితే, ఏళ్లతరబడి తనను తాను నిందించుకున్న మనిషి దాన్ని తీర్పుగా తీసుకుంటుంది. ఆ బొమ్మ కారణంగా మీ అక్కగారు సర్జరీ మానుకుంటే, బరువు కొంత తిరిగి వచ్చినా దక్కే ప్రయోజనాలను కోల్పోవచ్చు. ఎస్‌ఓఎస్ అధ్యయనంలో సర్జరీ చేయించుకున్నవారిలో మరణాలు తగ్గాయని 2007లోనే ప్రచురించారు.

అది పరిశోధన అయితే, నైతిక కమిటీ అనుమతి ఉంటే, డబ్బు అడగకపోతే, ఆమెకు ఇష్టమైతే సంతోషంగా పాల్గొనమనండి. పెద్ద అధ్యయనాలు జరగాలంటే మనలాంటివారే ముందుకు రావాలి. డబ్బు తీసుకుని చేసే పరీక్ష అయితే మాత్రం, ఆ అంచనాను తయారుచేయడానికి వాడినవారి మీద కాక వేరే రోగుల మీద ఎక్కడ పరీక్షించారో, ఎన్నేళ్లు గమనించారో, ఆ ఏడు వివరాల అంచనా కంటే ఎంత మెరుగ్గా వచ్చిందో కాగితం మీద చూపమని అడగండి. చూపలేకపోతే ఆ డబ్బును సర్జరీ తర్వాతి రెండో, మూడో, నాలుగో ఏడాదుల్లో డైటీషియన్‌కూ సైకాలజిస్టుకూ చెల్లించే సంప్రదింపుల ఫీజు కోసం పక్కన పెట్టమని చెప్పండి.