లైనక్స్‌లో డీవీడీ ఆర్‌డబ్ల్యూ డిస్కు మొరాయిస్తోందా? ముందు డ్రైవ్ ఏమంటోందో చూడండి

మీరు అడిగింది ఇదీ: డీవీడీ మైనస్ ఆర్‌డబ్ల్యూ (చెరిపి మళ్లీ రాయగల రకం) డిస్కు చెరపబోతే 'డివైస్ బిజీ' అంటోంది, ఎలాగో చెరిపితే పాత ఫైళ్లే కనిపిస్తున్నాయి, ఒకసారి రాశాక ఇంకో ఫోల్డర్ చేర్చనివ్వట్లేదు. ఈ మూడూ నాకు ఎదురయ్యాయి. మూడింట్లోనూ డిస్కు బాగానే ఉంది. కాబట్టి దాన్ని అప్పుడే పారేయకండి.

బిజీ అనడానికి కారణం ఆటోమౌంట్. డిస్కు పెట్టగానే డెస్క్‌టాప్ తనంతట తానే మౌంట్ చేసేస్తుంది, అంటే ఫైళ్లు చూపించడానికి తెరిచి పట్టుకుంటుంది, ఆ తర్వాత రాసే ప్రోగ్రామ్‌కి డ్రైవ్ చిక్కదు. తెరిచి ఉన్న ఫోల్డర్లు మూసేసి, ట్రే తెరవకుండానే టెర్మినల్‌లో యుమౌంట్ (umount) ఆదేశంతో దాన్ని విడిపించండి. పాత ఫైళ్లు కనిపించడమంటారా, డిస్కు చెరిగిన సంగతి సిస్టమ్‌కి ఇంకా తెలియదు. ట్రే ఒకసారి బయటికి తీసి మళ్లీ తోస్తే సరిపోతుంది.

అసలు చిక్కంతా మూడోదాంట్లోనే ఉంది. డీవీడీ ప్లస్ ఆర్‌డబ్ల్యూ టూల్స్ ప్యాకేజీలో డీవీడీ ప్లస్ ఆర్‌డబ్ల్యూ మీడియాఇన్ఫో (dvd+rw-mediainfo) అనే చిన్న ప్రోగ్రామ్ ఉంటుంది, దాన్ని నడపండి. 'మౌంటెడ్ మీడియా' అన్న వరుసలో 14హెచ్ అని వస్తే డిస్కు సీక్వెన్షియల్ పద్ధతిలో, అంటే వరుసగా మాత్రమే రాసే పద్ధతిలో ఉన్నట్టు. 13హెచ్ అంటే రిస్ట్రిక్టెడ్ ఓవర్‌రైట్, చెరపకుండానే పాతదాని మీద రాసే పద్ధతి. 1ఏహెచ్ అంటే అది డీవీడీ ప్లస్ ఆర్‌డబ్ల్యూ, దాన్ని చెరపాల్సిన పనే లేదు, నేరుగా పైన రాసేయొచ్చు.

నాది 14హెచ్ అని వచ్చింది, మీదీ అదే అయ్యుంటుంది. ఇలాంటి డిస్కుని 'ఫాస్ట్ బ్లాంక్' చేస్తే మొదటి భాగం మాత్రమే తుడుచుకుంటుంది. అలా తుడిచిన డిస్కు మీద డిస్క్ ఎట్ వన్స్ పద్ధతిలో, అంటే అంతా ఒకే విడతలో, ఒక్క సెషనే (ఒక్క విడత రాతే) రాయగలం, ఇక చేర్చడం కుదరదు. చాలామంది ఫాస్ట్ అన్న మాట చూసి అదే ఎంచుకుంటారు, రెండో సెషన్ దగ్గర టెన్షన్ పడతారు. డిస్కులు రాసే ఎక్సోరిసో (xorriso) ప్రోగ్రామ్‌లో బ్లాంక్‌కి 'ఆల్' ఇచ్చి మొత్తం తుడవండి. 2ఎక్స్ వేగంలో సుమారు అరగంట పడుతుంది, మధ్యలో ఆపొద్దు. మాటిమాటికీ ఫైళ్లు మార్చే అవసరముంటే మాత్రం డిస్కుని ఓవర్‌రైట్ పద్ధతికి ఫార్మాట్ చేసుకోవడమే మేలని నా అభిప్రాయం. చెరిపే పని తప్పుతుంది.

సీడీ ఆర్‌డబ్ల్యూ వాడేవాళ్లకి ఇంకో మాట. రాసిన డిస్కుని ఐఎస్ఓతో (డిస్కుకి రాసిన అసలు ఇమేజ్ ఫైల్‌తో) పోల్చి చూస్తే సరిగ్గా చివర్లో ఇన్‌పుట్ అవుట్‌పుట్ ఎర్రర్ రావచ్చు. ట్రాక్ ఎట్ వన్స్‌లో, అంటే ఒక్కో ట్రాక్‌ని విడిగా రాసే పద్ధతిలో, రాసిన ట్రాక్ చివర రెండు చదవలేని బ్లాకులు ఉంటాయి, లైనక్స్ ముందస్తుగా చదవబోయి వాటికి తగులుకుంటుంది. లైనక్స్ సందేశాలు చూపే డీమెసేజ్ (dmesg) ఆదేశంలో సెక్టార్ (డిస్కు మీది చిన్న భాగం) నంబర్ చూడండి: చివరిదాకా వచ్చి ఆగితే డేటా భద్రంగానే ఉండొచ్చు. రాసేటప్పుడు చివర ఖాళీ సెక్టార్లు చేర్చే ప్యాడింగ్ ఆప్షన్ పెట్టండి, 150 సెక్టార్లు చాలు. పోల్చేటప్పుడు ఐఎస్ఓ సైజు వరకే చదివించండి.

అదే ఎర్రర్ మధ్య సెక్టార్లలో, ప్రతిసారీ ఒకే చోట వస్తుంటే లోపలి అంచు నుంచి బయటికి మెత్తటి బట్టతో తుడిచి, మరో డ్రైవ్‌లో పెట్టి చూడండి. అక్కడా అలాగే ఉంటే ఆ డిస్కు మీద బ్యాకప్ పెట్టుకోవద్దు.