వానలోనూ తెగని శాటిలైట్ లింకు: ఈసీఈ వాళ్లు ఏం నేర్వాలి?

ప్రశ్న: ఈసీఈ మూడో ఏడు చదువుతున్నాను. ప్రాంతాన్ని, వాతావరణాన్ని బట్టి శాటిలైట్ సిగ్నల్‌ను సర్దుబాటు చేసే రంగంలోకి వెళ్లాలనుంది. ఎలా సిద్ధం కావాలి?

సమాధానం: ముందు లింక్ బడ్జెట్ (ఉపగ్రహం నుంచి డిష్ దాకా సిగ్నల్ లాభనష్టాల లెక్క) చేత్తో వేయడం నేర్చుకోండి. అది రాకుండా ఏ సాఫ్ట్‌వేర్ కోర్సు చేసినా అక్కరకు రాదు. 4 గిగాహెర్ట్జ్ దగ్గరి సీ బ్యాండ్‌పై వాన ప్రభావం తక్కువ. 12 దగ్గరి కేయూ, 20 దగ్గరి కేఏ బ్యాండ్లు బాగా దెబ్బతింటాయి. వాన సిగ్నల్‌ను తగ్గించడమే కాదు, నాయిస్‌నూ పెంచుతుంది. విద్యార్థులు తరచూ మరిచేది ఇదే. మీ రిసీవర్ నాయిస్ టెంపరేచర్ (నాయిస్ ఎంతో కెల్విన్లలో చెప్పే కొలత) 120 కెల్విన్ అనుకోండి. 3 డీబీ వాన నష్టం, అంటే సిగ్నల్ సగమవడం, దానికి సుమారు 137 కెల్విన్ కలుపుతుంది. అంటే ఇంకో 3.3 డీబీ, మొత్తం 6 డీబీకి పైగా పోయినట్టే.

ప్రాంతం సంగతీ అంతే. 83 డిగ్రీల తూర్పు రేఖాంశంపై ఉన్న ఉపగ్రహం హైదరాబాద్‌లో దిగంతం నుంచి దాదాపు 69 డిగ్రీల ఎత్తున ఉంటే, శ్రీనగర్‌లో 49 దగ్గరే ఉంటుంది. కోణం తగ్గేకొద్దీ వానలో సిగ్నల్ దారి పొడవవుతుంది. అయితే అక్కడ ఎంత జోరుగా కురుస్తుందన్నదీ చూడాలి. వీటి లెక్కలకు ఐటీయూ-ఆర్ (అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంస్థ రేడియో విభాగం) పీ.618, పీ.837 సిఫార్సులు ఉచితంగా దొరుకుతాయి, చదవండి.

తర్వాత ఏసీఎం, అంటే సిగ్నల్ నాణ్యతను బట్టి మాడ్యులేషన్, కోడింగ్‌లను మార్చుకునే పద్ధతి. డీవీబీ-ఎస్2లో (శాటిలైట్ ప్రసార ప్రమాణం) అన్నిటికన్నా దృఢమైన మెట్టు క్యూపీఎస్‌కే 1/4కు సిగ్నల్-నాయిస్ నిష్పత్తి మైనస్ 2.35 డీబీ చాలు, ఎక్కువ డేటా మోసే పై మెట్టు 32 ఏపీఎస్‌కే 9/10కు 16 డీబీ కావాలి. వాన ముదిరితే మోడెమ్ ఈ మెట్లు దిగుతుంది. భూస్థిర ఉపగ్రహం మీదుగా సిగ్నల్ రిపోర్టు హబ్‌కు (నెట్‌వర్క్‌ను నడిపే కేంద్ర భూస్టేషన్‌కు) చేరడానికి పావు సెకను, మార్పు తిరిగి రావడానికి మరో పావు సెకను పడుతుంది. ఆలోగా వాన ఇంకా పెరగొచ్చు, అందుకే మార్జిన్ ఉంచాలి. హిస్టరిసిస్ (మెట్టు దిగే, ఎక్కే హద్దుల మధ్య తేడా) పెట్టకపోతే మోడెమ్ రెండు మెట్ల మధ్య అదేపనిగా ఊగుతుంది.

ప్రాజెక్టుగా ఈ వానాకాలమంతా ఇంటి డీటీహెచ్ డిష్ సిగ్నల్‌ను ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్‌తో (యూఎస్‌బీ రేడియో రిసీవర్ డాంగిల్) నమోదు చేయండి, పక్కన వర్షమాపకం పెట్టండి. సిగ్నల్‌ను రెండుగా పంచే స్ప్లిటర్‌లో డీసీ రాని పోర్టుకే డాంగిల్ తగిలించాలి. ఎల్‌ఎన్‌బీకి (డిష్ ముందుండే సిగ్నల్ గ్రాహకానికి) వెళ్లే 13/18 వోల్టులు తగిలితే డాంగిల్ కాలిపోతుంది. డాంగిల్‌లో ఆటోమేటిక్ గెయిన్ (సిగ్నల్ తగ్గితే తానే పెంచే ఏర్పాటు) ఆపేయండి, లేకపోతే అసలు పతనమే కనబడదు. ఇంటర్వ్యూలో ఈ గ్రాఫ్ పది సర్టిఫికెట్ల కన్నా ఎక్కువ మాట్లాడిస్తుంది.

వీశాట్ (చిన్న డిష్‌లతో శాటిలైట్ కనెక్షన్ ఇచ్చే) సంస్థల హబ్‌లు, మోడెమ్ ఫర్మ్‌వేర్ బృందాల్లో ఈ పని ఉంటుంది. ఇస్రోలో సైంటిస్ట్/ఇంజినీర్ ‘ఎస్‌సీ’ (ఇది పోస్టు స్థాయి పేరు, రిజర్వేషన్ కాదు) పోస్టులకు ఇటీవల వచ్చిన నోటిఫికేషన్లు 65 శాతం లేదా 6.84 సీజీపీఏ అడిగాయి. మీ బ్యాక్‌లాగ్‌లు, సగటు ఈ సెమిస్టర్‌లోనే సరిచూసుకోండి.