క్యూలోంచి తీసిన సందేశం పోకుండా

ప్రశ్న: రుషికొండలోని మా ఆఫీసులో అపాచీ క్యామెల్ (వ్యవస్థల మధ్య సందేశాలు చేరవేసే సాఫ్ట్‌వేర్) ద్వారా యాక్టివ్‌ఎమ్‌క్యూ (సందేశాలను క్యూలో ఉంచే సర్వర్) నుంచి ఆర్డర్లు తీసుకుంటున్నాం. డేటాబేస్ మొరాయించినప్పుడు కొన్ని సందేశాలు పూర్తిగా పోతున్నాయి. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: క్యామెల్‌ను క్యూతో కలిపే జేఎంఎస్ కాంపొనెంటులో ‘ట్రాన్సాక్టెడ్’ (పని పూర్తయితేనే సందేశం తీసుకున్నట్టు లెక్కించే) అనే ఆప్షన్ మొదట ఫాల్స్‌గానే ఉంటుంది కనుక, దాన్ని ట్రూ చేసి, ‘లేజీ క్రియేట్ ట్రాన్సాక్షన్ మేనేజర్’ను ఫాల్స్ చేస్తే, రూటు (క్యామెల్‌లో సందేశం నడిచే దారి) విఫలమైనప్పుడు సందేశం రోల్‌బ్యాక్ అయి, అంటే క్యూకు వెనక్కి వెళ్లి, మళ్లీ అందుతుంది. యాక్టివ్‌ఎమ్‌క్యూ క్లాసిక్‌లో మామూలుగా 6 సార్లు అలా ప్రయత్నించాక అది డెడ్ లెటర్ క్యూకు (అందించలేకపోయిన సందేశాలను విడిగా ఉంచే చోటుకు) చేరుతుంది.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మరొకటి. తప్పు జరిగితే ఏం చేయాలో క్యామెల్‌కు చెప్పే ‘ఆన్ ఎక్సెప్షన్’ కింద ‘హ్యాండిల్డ్’ను (తప్పును సర్దేశామని చెప్పే ఆప్షన్‌ను) ట్రూ చేసి ఉంటే, తప్పు జరిగినా పని సవ్యంగా ముగిసినట్టే లెక్కించి ట్రాన్సాక్షన్ కమిట్ (ఖరారు) అవుతుంది, సందేశం అక్కడే పోతుంది. ముందు దాన్ని వెతకండి.

ఈ ట్రాన్సాక్షన్ క్యూకే పరిమితం. డేటాబేస్‌లో కమిట్ అయ్యాక క్యూ వైపు విఫలమైతే అదే ఆర్డరు రెండోసారి వస్తుంది కాబట్టి, డేటాబేస్‌లో ఆర్డరు సంఖ్యకు యునీక్ నిబంధన (ఒకే సంఖ్య రెండుసార్లు నమోదు కాకుండా ఆపేది) తప్పక పెట్టండి.